పెద్దవాళ్ళలో ఒకరు



మా చిక్కడపల్లి సందులో నిలబడి నేను మా కుక్కను పిలిస్తే ఆటోలు ఆగుతాయి. దాని పేరు కోఠి మరి. "కోఠీ! కోఠీ!" అని రెండు కేకలు వేసేసరికి ఏదో ఒక ఆటో వచ్చి పక్కన నిలబడుతుంది. "ఎక్కండి సార్, మీటరు మీద ఇరవై ఇవ్వండి" అంటాడు డ్రైవరు. నేను అతనికి సంజాయిషీ చెప్పుకుంటూ ఉంటాను. ఈలోగా కోఠి మాత్రం రాదు. దానికి చెవుడు.

2011 వానాకాలంలో దొరికింది అది. అప్పుడు నా ఉద్యోగం సుల్తాన్ బజార్‌లో. సాయంత్రం ఆఫీసు వదిలాక శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి వెళ్ళి కాసేపు పత్రికలు తిరగేసి ఇంటిదారి పట్టడం అలవాటు. 1901లో మొదలైన గ్రంథాలయం అది. అక్కడ కూర్చుంటే బయట బజారు ఉందన్న సంగతి మరిచిపోతాం. ఆ రోజు జల్లు పడుతోంది. బడీచావడి మూల మీద కూరగాయల బండి కింద, గోనెపట్టా మీద, అరచేతిలో ఇమిడేంత పిల్ల ఒకటి వణుకుతూ కనబడింది. "తీస్కపో సారూ, ఈడుంటే బతకది" అంది బండి ఆవిడ. ఒక చంకలో పుస్తకం, ఇంకో చంకలో కుక్కపిల్ల, గొడుగు ఎవరు పట్టుకోవాలో తెలియక తడిసి ఇంటికొచ్చాను. ఎక్కడిదని మా ఆవిడ అడిగితే "కోఠి" అన్నాను. అప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్న మా అమ్మాయి అదే పేరనుకుంది. పేరు పడిపోయింది.

కుక్కకు ఏడాదంటే మనిషికి ఏడేళ్ళని అందరం అనుకుంటాం. ఆ లెక్క నిలబడదు. మొదటి ఏడాదిలోనే కుక్క ఈడొచ్చిన పిల్లంత ఎదిగిపోతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ఏ లెక్కన చూసినా పద్నాలుగేళ్ళ కోఠికి ఇప్పుడు డెబ్బై దాటాయి. అంటే నా ఈడుదే. నాకూ మోకాళ్ళు, దానికీ మోకాళ్ళు. నాకు ఒక కంట్లో శుక్లం తీశారు, దాని రెండు కళ్ళలోనూ నీలంగా పొర కమ్మింది.

ఇంతకీ ఈ ప్రసంగం కుక్క గురించి కాదు, ప్రయాణం గురించి. పోయిన డిసెంబరులో మా అమ్మాయి, అల్లుడు, పిల్లలు టెక్సాస్ నుంచి వచ్చారు. వియ్యంకులు, మా బావమరిది దంపతులు, మేమిద్దరం కలిపి మొత్తం పదిమందిమి. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని శ్రీశైలం వెళ్ళి, అక్కడి నుంచి దోర్నాల మీదుగా మార్కాపురం దిగి, మా ఊళ్ళో మా అక్కయ్యను చూసి రావాలని ఏర్పాటు. అంతా కుదిరాక అమ్మాయి అంది, "కోఠిని కూడా తీసుకెళ్దాం నాన్నా. మేం అక్కడ మా బ్రూనోను ఆర్‌వీలో ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్ళమా?"

ఆర్‌వీ అంటే ఏమిటో మా ఆవిడకు నేను చెప్పాను. సినిమా వాళ్ళ క్యారవాన్ లాంటిదే, కాకపోతే హీరో ఉండడు. వంటిల్లు, పడక, స్నానాల గది అన్నీ ఆ బండిలోనే, ఇంటాయనే డ్రైవరు. అమెరికాలో మన తెలుగువాళ్ళు పిల్లల సెలవులు రాగానే అద్దెకు తీసుకుని, వెనక పులిహోర డబ్బాలు పెట్టుకుని, జాతీయ పార్కుల మీద పడుతున్నారు. వాళ్ళ ఫోటోల్లో కుక్క కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వుతున్నట్టుంటుంది. ఫోటోలో లేనిది అల్లుడు చెప్పాడు. ఎల్లోస్టోన్‌లో కుక్కను కాలిబాటల మీదికి, వేడినీటి ఊటల దగ్గర పరిచిన చెక్కదారుల మీదికి రానివ్వరట. రోడ్డుకు, బండ్లు ఆపే చోటుకు వంద అడుగుల లోపలే ఉండాలి. అంటే ఇంటిల్లిపాదీ ఊటలు చూడడానికి వెళితే ఒకరు కుక్కతో బండి దగ్గర కాపలా. "మొదటిరోజు నేనున్నాను, రెండో రోజూ నేనే ఉన్నాను మామయ్యా" అన్నాడు. అమ్మాయి వేరే వైపు చూసింది. పైగా బ్రూనోకు నాలుగేళ్ళు.

ముసలి కుక్కతో అలాంటి బండిలో దేశం తిరిగిన మనిషి ఒకాయన ఉన్నాడు. జాన్ స్టెయిన్‌బెక్. 1960 సెప్టెంబరులో, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, పికప్ ట్రక్కు మీద చిన్న గది కట్టించుకుని, దానికి డాన్ క్విక్సోట్ గుర్రం పేరు రోసినాంటె అని పెట్టి, చార్లీ అనే పూడిల్ కుక్కను పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. 1962లో ఆ పుస్తకం వచ్చింది, అదే ఏడు ఆయనకు నోబెల్ వచ్చింది. 'ట్రావెల్స్ విత్ చార్లీ' నాకు దొరికింది కూడా కోఠి పాత పుస్తకాల్లోనే, అట్ట లేకుండా. చార్లీకి అప్పుడు పదేళ్ళ వయసు. దారి మధ్యలో దానికి మూత్రం బిగుసుకుపోయింది. ఒకచోట చూసిన వైద్యుడికి కుక్క మీద ధ్యాసే లేదు. చివరికి టెక్సాస్‌లోని అమరిల్లోలో ఒక యువ వైద్యుడు నిదానంగా చూసి, కొద్దిరోజులు తన దగ్గర ఉంచుకుని నయం చేసి పంపాడు. ఎల్లోస్టోన్‌లోనైతే ఎలుగుబంటిని చూసి చార్లీ పూనకం వచ్చినట్టు బండిలోనే గెంతులేసి మొరిగితే, స్టెయిన్‌బెక్ పార్కు చూడకుండానే బండి వెనక్కి తిప్పేశాడు.

ఆ చోట నేను పుస్తకం మూసి ఆలోచించాను. ఆయన ఒక్కడు. కుక్క ఆగమంటే ఆగాడు, వెనక్కి వెళ్దామంటే వెళ్ళాడు. మేం పదిమందిమి, దర్శనం టికెట్లు కొనుక్కుని వెళ్ళేవాళ్ళం. మా కోఠి కోసం టెంపో వెనక్కి తిరుగుతుందా?

మా దారి కూడా చూడండి. కల్వకుర్తి దాటి, డిండి దాటి, మన్ననూరు చేరితే అక్కడ అటవీశాఖ చెక్‌పోస్టు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు వేసేస్తారు. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. బండి ఆపి దిగకూడదు. కృష్ణ దాటితే నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, అలాంటి వాటిలో దేశంలోకెల్లా పెద్దది. పులి, చిరుత, ఎలుగు అన్నీ ఉన్న నల్లమల. దగ్గర దగ్గర రెండు గంటల ఘాటు రోడ్డు. మా కోఠి గంటన్నరకోసారి బయటికి పోవాలని గోకుతుంది. అడవి మధ్య గోకితే ఏం చేస్తాం? శ్రీశైలంలో గది కోసం ఒక సత్రానికి ఫోన్ చేశాను. "పెద్దవాళ్ళెందరు, పిల్లలెందరు?" అని అడిగాడు గుమాస్తా. పెద్దవాళ్ళలో ఒకరు కుక్క అని చెప్పడానికి నోరు రాక పెట్టేశాను.

రైలు సంగతి కూడా కనుక్కున్నాను, కాచిగూడ స్టేషన్ మాకు పక్కనే కదా. కుక్కను మనతోపాటు తీసుకెళ్ళాలంటే ఫస్ట్ ఏసీలో రెండు బెర్తులదో నాలుగు బెర్తులదో గది మొత్తం మనమే తీసుకోవాలి. లేకపోతే గార్డు పెట్టెలో కుక్కల కోసం ఉండే ఇనుప గూడు. చెవుడు, గుడ్డి, ముసలిది, చీకటి గూట్లో. ఆ మాట అక్కడితో వదిలేశాను.

హైదరాబాదులో కుక్క అనగానే నారాయణగూడ. కుక్క కరిచినవాళ్ళు ఐపీఎంకు సూది కోసం వెళ్ళేది అక్కడికే, కుక్కకు జబ్బు చేస్తే పశువైద్యశాలకు పట్టుకెళ్ళేదీ అక్కడికే. ఎవరైనా కాస్త అతిగా మాట్లాడితే "నారాయణగూడ పోయి సూది వేయించుకో" అని మా ఆఫీసులో వేళాకోళం. కోఠిని ఆటోలో వేసుకుని నేనూ అటే వెళ్ళాను. దాన్ని చూసే డాక్టరమ్మ చిన్నపిల్లే కానీ, అడిగిన ప్రశ్నలు పెద్దవి.

"రాత్రిళ్ళు పడుకుంటోందా?"

లేదన్నాను. రెండింటికి లేచి ఇల్లంతా తిరుగుతుంది. ఒక్కోసారి గోడకేసి చూస్తూ నిలబడిపోతుంది.

"తలుపు దగ్గర?"

ఆ ప్రశ్న నాకర్థం కాలేదు. ఆవిడ లేచి తన గది తలుపు చూపించింది. కుక్క బయటికి పోవాలనుకుంటే తలుపు తెరుచుకునే వైపు, గడియ వైపు నిలబడాలి. మతి జారుతున్న కుక్క మడతబందుల వైపు నిలబడి, అటు తెరుచుకుంటుందని ఎదురుచూస్తుంది. అప్పుడు నాకు తట్టింది. రెండు నెలలుగా కోఠి అక్కడే నిలబడుతోంది. నేను తలుపు తీస్తే అది తలుపుకూ గోడకూ మధ్య చిక్కుకుంటోంది. అల్లరి చేస్తోందనుకుని కసురుతున్నాను.

"మనుషుల్లో మతిమరుపు లాంటిదే అంకుల్" అంది ఆవిడ. "కళ్ళూ చెవులూ పోయాక ఇల్లు దానికి కాళ్ళకు తెలుసు, ముక్కుకు తెలుసు. కొత్తచోట ఆ రెండూ పనిచేయవు."

తీసుకెళ్ళొద్దని మాత్రం అనలేదు. తీసుకెళ్ళేట్టయితే ఏం చేయాలో చెప్పింది. బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలు కడుపు ఖాళీగా ఉంచాలి, నీళ్ళు మాత్రం కొద్దికొద్దిగా పడుతూ ఉండాలి. కాళ్ళు జారకుండా కింద రబ్బరు పట్టా వేయాలి. అది పడుకునే దుప్పటి ఉతక్కుండా తేవాలి, అందులోనే దాని ఇల్లుంటుంది. ఊరికే పడుకుంటుంది కదా అని నిద్రమాత్ర వేయొద్దు, ముసలి గుండెకు అది ఎలా పడుతుందో ముందే చూసుకోవాలి. టీకాల కార్డు జేబులో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆపిన బండిలో అద్దాలు వేసి వదలొద్దు. ఎండలో నిలిపిన బండి లోపల గంటలో బయటికంటే ఇరవై డిగ్రీల పైన వేడెక్కుతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. కుక్కకు మనలా ఒంటినిండా చెమట పట్టదు, నాలుక చాపి ఒగర్చడమే దాని ఫ్యాను. అద్దం రెండంగుళాలు దించితే సరిపోతుందనుకోవడం మన భ్రమ.

అంతా రాసుకున్నాను. గుడిలోకి కుక్కను తీసుకెళ్ళలేం కాబట్టి, దీనితో బయట ఎవరు కూర్చుంటారన్నది కాగితం కింద నాకు నేనే రాసుకున్న ప్రశ్న.

ఆ రాత్రి ఒక సంగతి జరిగింది. నేను ముందుగదిలో పడుకున్నాను. అమ్మాయీ వాళ్ళమ్మా వంటింట్లో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. నాకు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. "రెండు గంటలకోసారి ఆపాలమ్మా, లేకపోతే కష్టం." నిజమే అనుకున్నాను. "రాత్రిళ్ళు లేచి తిరగడం ఎక్కువైంది." అవును. "టెంపోకి మెట్లు ఎత్తు. మెట్లు ఎక్కలే..." సరిగ్గా అప్పుడు కుక్కర్ కూత వేసింది.

తెలుగులో ఉన్న చిక్కే ఇది. క్రియ చివరికొస్తే గానీ ఎవరి గురించి మాట్లాడుతున్నారో తేలదు. "ఎక్కలేదు" అంటే కోఠి. "ఎక్కలేరు" అంటే నేను. ఒక్క అక్షరం, అది కాస్తా కూతలో కలిసిపోయింది. కుక్కర్ దించాక వాళ్ళ మాట పప్పు ఉడికిందా లేదా అన్న దాని మీదికి మళ్ళింది. లేచి వెళ్ళి అడగొచ్చు. అడగలేదు. మంచం కింద కోఠి గురక పెడుతోంది.

మర్నాడు ఆదివారం. ఊరికే వాదించుకోవడమెందుకు, ఒకసారి తిప్పి చూద్దామన్నాను. మా బావమరిది కారులో కీసరగుట్ట దాకా. ఎంత దూరమో లేదు, ఊరి చివరే. వెనక సీట్లో రబ్బరు పట్టా, దాని మీద దుప్పటి, ఒకపక్క నేను, ఇంకోపక్క మనవడు.

కోఠి కూర్చోలేదు. వెళ్ళేటప్పుడంతా నిలబడే ఉంది. మలుపు వచ్చినప్పుడల్లా నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు చాపి గోళ్ళతో దుప్పటిని పట్టుకుంది. మూతి చివర్లు వెనక్కి లాగి, నాలుక వంపు తిప్పి, ఆపకుండా ఒగర్చింది. గిన్నెలో నీళ్ళు పెడితే మూతి తిప్పుకుంది. గుట్ట కింద దింపాం. ఒక రాయిని చాలాసేపు వాసన చూసింది, పక్కన మూత్రం పోసింది, తర్వాత కారు వైపు మొహం పెట్టి నిలబడింది. అంతే. తిరుగుదారిలో తార్నాక వచ్చేసరికి అలిసిపోయి నా తొడ మీద కూలబడింది. ఇంట్లో దింపగానే గిన్నెడు నీళ్ళు తాగి, పొద్దుపోయేదాకా పడుకుంది.

ఇక చూడండి తీర్పులు. మనవడు "దానికి బాగా నచ్చింది తాతయ్యా, రాయిని ఎంతసేపు చూసిందో" అన్నాడు. మా ఆవిడ "పాపం, చచ్చి బతికింది" అంది. అమ్మాయి "వచ్చేటప్పుడు పడుకుంది కదా, అలవాటవుతోంది" అంది. బావమరిది తన సీటు మీద గోళ్ళ గీతలు చూసుకున్నాడు. ఒకే కుక్క, ఒకే కారు. ఎవరికి కావలసింది వాళ్ళు చూశాం.

నాకు తోచింది నేను చెప్తాను. బండి కదిలిన అరగంటలో కుక్క తనంతట తాను పడుకుంటే దాన్ని తీసుకెళ్ళొచ్చు. నిలబడే ఉంటే దానికి ప్రయాణం కాదది, పని. నలభై నిమిషాలు నిలబడిందంటే శ్రీశైలం దాకా ఆరేడు గంటలు నిలబడుతుంది. ఇక వదిలి వెళ్తే బెంగపెట్టుకుంటుందన్న మాట. నిజమే, పెట్టుకుంటుంది. కానీ పిల్లప్పుడు మా వెంట పరిగెత్తిన కోఠిని మనసులో పెట్టుకుని, ఈ కోఠిని బండెక్కిస్తే, అది ఎవరి ముచ్చట? అమ్మాయి ఏడాదికోసారి వస్తుంది. వచ్చినప్పుడు అన్నీ మునుపటిలా ఉండాలి, కుక్కతో సహా.

మా సందులో పంతులుగారు ధర్మరాజు కథ ఎత్తుకున్నాడు. స్వర్గానికైనా కుక్కను వదిలి రానన్నాడు కదా ఆయన, మీరు శ్రీశైలానికి వదిలి వెళ్తారా అని. నేను భారతం ఎదుట నోరెత్తేవాణ్ణి కాను. అయినా ఆ కుక్కను ఎవరూ బండెక్కించలేదు పంతులుగారూ, తనంతట తాను వచ్చింది. ద్రౌపది పడిపోయాక కూడా నడిచింది. మా కోఠి మా సందు చివర కిరాణాకొట్టు దాకా కూడా రాదు అన్నాను. ఆయన నవ్వి పాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

చివరికి నేనే తేల్చేశాను. కోఠిని తీసుకెళ్ళొద్దు, దానికి తోడు నేను ఉంటాను, మీరు వెళ్ళిరండి. ఎంత మెచ్చుకున్నారనుకున్నారు! వియ్యపురాలు కళ్ళు తుడుచుకుంది. తెల్లవారి నాలుగింటికి టెంపో వచ్చింది. అందరూ ఎక్కాక నేను సందులో నిలబడి చెయ్యూపాను. ఆ టెంపో మెట్టు ఎత్తు చూశాను. నిజంగానే ఎత్తు. ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకుంటే మనసు తేలికపడింది. ఎందుకు తేలికపడిందో మీకు చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ఘాటు రోడ్డు నాకు పడదు. ఆ మోకాళ్ళతో క్యూలో నిలబడడం నాకు పడదు. నాలుగుసార్లు బండి ఆపమని వియ్యంకుల ముందు అడగడం అసలే పడదు. కోఠి పేరు చెప్పి నేనే ఆగిపోయాను.

మర్నాడు మార్కాపురం నుంచి అక్కయ్య ఫోన్ చేసింది. ఎనభై ఏళ్ళావిడ. వాళ్ళంతా వచ్చారు, నువ్వు రాలేదేంరా అంది. కుక్క ముసలిదైపోయిందక్కా, వదలలేక ఉండిపోయానన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నేను దానికంటే పెద్దదాన్నిరా" అంది.

సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ బయలుదేరాను, ఒక్కణ్ణే. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే నారాయణగూడ, సుల్తాన్ బజార్, ఆ తర్వాత ఎంజీబీఎస్, అక్కడ బస్సు. ఎక్కడ ఆపితే అక్కడ దిగాను, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. ఘాటులో ఒకసారి వాంతి అయింది, అది కూడా మర్యాదగా కవర్లోనే. అక్కయ్య దగ్గర మూడు రాత్రులున్నాను. కోఠి మా ఆవిడ దగ్గరే ఉంది. నా పాత తువ్వాలు దాని దుప్పట్లో పెట్టి వచ్చాను.

రెండోరోజు రాత్రి మా ఆవిడ ఫోన్ చేసి, "ఏవండీ, దీంతో మాట్లాడండి, అన్నం ముట్టలేదు" అని స్పీకరు పెట్టి దాని మొహం దగ్గర ఉంచింది. పాత గ్రామఫోను రికార్డుల మీద బొమ్మ గుర్తుందా మీకు, బాకా ముందు తల వాల్చి యజమాని గొంతు వింటున్న కుక్క? దాని పేరు నిప్పర్. ఆ బొమ్మ వేసేనాటికి అది చనిపోయి మూడేళ్ళు. బొమ్మ మాట అలా ఉంచితే, మా కోఠికి చెవులు లేవు కదా. "కోఠీ, కోఠీ" అని నేను అరిచాను. పక్కగదిలోంచి అక్కయ్య "ఆటో కావాలంటే పొద్దున పిలుద్దాంలేరా" అంది. అటువైపు కోఠి ఫోన్ వాసన చూసి వెళ్ళిపోయిందట. కాసేపటికి తువ్వాలు మీద పడుకుని, అలాగే గిన్నె లాక్కుని రెండు ముద్దలు తిన్నదని మళ్ళీ ఫోన్ వచ్చింది.

నాలుగోరోజు సాయంత్రం ఇంటికి చేరాను. మా ఆవిడ తాళం వేసి గుడికి వెళ్ళినట్టుంది. నా దగ్గర రెండో తాళంచెవి ఉంది. తీశాను. తలుపు పూర్తిగా తోయలేదు, ఒక మనిషి పట్టేంత తోసి ఆపాను. కోఠి ఎక్కడా కనబడలేదు. సంచీ కింద పెట్టి, చెప్పులు విడిచి, తలుపు వెనక్కి తొంగిచూశాను. మడతబందుల వైపు నిలబడి, గోడకేసి మొహం పెట్టి, తోక ఊపుతోంది. నేను ఆ సందులోకే దూరి దాని పక్కన కూర్చున్నాను.